వరదలో మునిగిన ఇటలీ కారు

ఆదివారం, ఉదయగిరి

కోపం ఇంకా చల్లారలేదు.

పొద్దున ఆత్మకూరుకు బయలుదేరి ఊరు దాటామో లేదో, మలుపులో కారు ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. ఎదురుగా లారీ. దాని డ్రైవరు పక్కకు తిప్పబట్టి నేనూ మా పాపా బతికాము.

ట్రాక్టరుకు కట్టి ఆత్మకూరు షెడ్డుకు చేర్చాను. మెకానిక్ మస్తాన్ కార్పెట్ లేపితే కింద అంతా ఎండిన ఒండ్రు. "నీళ్ళల్లో మునిగిన బండి సార్. వైర్లన్నీ కుళ్ళిపోయి ఉండాయి" అన్నాడు.

చెన్నైలో ఉన్న బావకు అక్కడినుంచే ఫోన్ చేశాను. ఈ పాత ఇటలీ బండి నాకు అమ్మింది ఆయనే.

"వరదలో మునిగిందని ఎందుకు చెప్పలేదు బావా?"

"నువ్వు అడగలేదు కదరా."

"నా బిడ్డ ఉండాది బావా ఆ బండిలో!"

బావ గొంతు తగ్గించి, "మీ అక్కకి చెప్పబాకరా" అన్నాడు.

చెబుతాను. రేపే చెబుతాను. సొంత బావమరిదిని ఇలా మోసం చేస్తాడా మనిషి!

కానీ కారు ఇంటికి తెచ్చిన రోజే, డోరు తీయగానే నా భార్య సుజాత అడిగింది, "ఏంది ఈ బురద వాసన?" అని. పాత తోలు సీట్లు అట్లాగే ఉంటాయని దాన్ని కసిరాను. ఆ వాసన నాకూ వచ్చింది.