గేర్ రాడ్ మీద చెయ్యి

మావా,

ఈరోజు నీ తమ్ముడి చెయ్యి విరగ్గొట్టబోయాను. నువ్వు పోయి ఏడాదైన రోజునే, నీ వ్యాన్‌లోనే.

నువ్వు పోయినప్పటి నుంచి బండి శ్రీనే తోలుతున్నాడు. పొద్దున్న బెల్లం దిమ్మలు వేసుకుని కశింకోట బయల్దేరాం. ఎడమచెయ్యి గేర్ రాడ్ మీద బరువుగా వేసి కూర్చున్నాడు. అలా వేస్తే లోపల గేర్లు అరిగిపోతాయని నువ్వు మొత్తుకునేవాడివి కదా! వంతెన ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగితే, బ్రేకు తొక్కకుండా హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టాడు. క్లచ్ ప్లేటు కాలిన కంపు నా ముక్కులో ఇంకా ఉంది. పళ్లు బిగబట్టి ఊరుకున్నాను.

కశింకోటలో కొట్టు ముందు, బండి ఇంకా ముందుకు దొర్లుతుండగానే రివర్స్ వేశాడు. గేర్ బాక్సు పీక కోస్తున్న మేకలా అరిచింది.

సీటు కింద నీ పానా ఉంది కదా, నువ్వు వాడికి డ్రైవింగ్ నేర్పిన పానా. అది తీసి వాడి వేళ్ల మీద ఒక్కటిచ్చాను. తోలు చిట్లి రక్తం రాడ్ మీదికి కారింది.

"సెయ్యి తియ్యవేట్రా? సంపేత్తాను!" అని అరిచాను. కొట్లో జనం బయటికి వచ్చేశారు.

వాడు చెయ్యి దులుపుకోలేదు. నా చేతిలో పానాకేసి చూశాడు. తర్వాత రక్తం కారుతున్న చేతిని మళ్లీ రాడ్ మీదే పెట్టాడు.

"ఒక్కటే కొట్టి ఒగ్గేసేవేటి, ఒదినా? అన్నయ్య రెండు కొట్టీవోడు."

రెండోది కూడా కొట్టాను, మావా. మెల్లగా.