అద్దం మీది తువ్వాలు

మే 14, మంగళవారం, సాయంత్రం

మధ్యాహ్నం రెండుంపావుకి హెడ్మాస్టర్ తన లారీ కిందే చనిపోయాడు. లారీ నడిపింది నా తమ్ముడు.

ఈ రెండు వాక్యాలూ రాసి, లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. మిగతాది వరసగా రాస్తాను.

బోర్డర్ గేటు ముందు లైనులో ఉన్నాం. మా లారీలో ద్రాక్ష. మా ముందు హెడ్మాస్టర్ లారీ, అందులో టైల్స్. మా ముగ్గురివీ గేటు అవతలి ఊళ్లే. లోడుతో ఇంటిదారి పట్టాం. ఆయన ఏ బడిలోనూ పని చేసినవాడు కాదు. లైనులో ఎవరైనా లారీ వంకరగా పెడితే నిలబడి తీయించి మళ్లీ పెట్టించేవాడు. అందుకని ఆ పేరు. నేను బాబాయి అంటాను. తమ్ముడికి గేర్లు వేయడం నేర్పింది ఆయనే.

ఈ రోడ్డుకి చెట్టు లేదు, షెడ్డు లేదు. నీడంటే లారీ కింద ఉన్నదే. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య చాప వేసుకుని పడుకుంటాం. అలా పడుకునేవాడు తన తువ్వాలు డ్రైవర్ వైపు అద్దానికి కడతాడు. తువ్వాలు ఉందంటే కింద మనిషి ఉన్నట్టు. లేపకుండా ఆ లారీ ముట్టుకోకూడదు. తువ్వాలు లేదంటే డ్రైవర్ టీకో స్నానానికో వెళ్లినట్టు. లైను కదిలితే వెనకవాడు ముందు ఆ లారీని జరిపి, తరవాత తనది జరుపుకుంటాడు. అందుకే లైనులో ఎవడూ తాళం జేబులో వేసుకుని పోడు. ఇది ఎక్కడా రాసి లేదు. నేను స్టీరింగ్ పట్టిన రోజు నుంచీ ఉంది.

భోజనాలయ్యాక గేటు గార్డు లైను వెంబడి వచ్చాడు. గేటు దగ్గరి పదిహేను లారీల అద్దాలకున్న తువ్వాళ్లన్నీ విప్పి గోనెసంచిలో వేసుకుంటూ పోయాడు. గేటు దగ్గర కొత్త కెమెరా పెట్టారట. గుడ్డలు ఊగుతుంటే ఫొటో చెడిపోతోందట. ఇదేమన్నా మీ ఇంటి దండెమా, ఆరేసుకున్నారు అని నవ్వాడు కూడా. నేనూ, మా వెనక లారీ సిమెంటాయనా కుళాయి దగ్గర క్యాన్లు పట్టుకుంటున్నాం. సిమెంటాయన అక్కణ్ణుంచే కేకేశాడు, ఒరే నాయనా, కింద మనుషులున్నారయ్యా అని. ఉంటే లేస్తారులే అన్నాడు గార్డు. హెడ్మాస్టర్‌ది ఎర్రంచు తువ్వాలు. అది విప్పడం నేను చూశాను.

లైను ఇప్పట్లో కదలదనుకున్నాం. క్యాన్లు నిండేదాకా ఆగాం.

లైను కదలమని గేటు దగ్గర ఈల వినబడింది. తమ్ముడు మా క్యాబిన్‌లో నిద్రపోతున్నాడు. లేచాడు, ముందు లారీ అద్దం చూశాడు, ఏమీ లేదు. హెడ్మాస్టరూ అని రెండుసార్లు పిలిచాడట. ఆయన హారన్ల గోల పడక చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాడు. తమ్ముడు ఎక్కి, స్టార్ట్ చేసి, ఒక లారీ పొడవు జరిపాడు.

వాణ్ణి గేటు పక్క పోలీసు పోస్టులో కూర్చోబెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. విడవమని ఎవరూ అనలేదు.

మే 15, బుధవారం

పొద్దున్నే పిన్నికి ఫోన్ చేశాను. హెడ్మాస్టర్ భార్య. రాత్రే ఆయన లారీ కంపెనీవాళ్లు చెప్పారట. ఏడవలేదు. లోడు ఏంట్రా ఈసారి అని అడిగింది. టైల్స్ అన్నాను. ఆహా, టైల్సా, అయితే బరువే అంది. తరవాత మీ తమ్ముడు తిన్నాడా అని అడిగింది. ఎవరు నడిపారో ఆమెకి తెలుసు. ఎలా జరిగిందో ఇంకా తెలియదు. నేనూ చెప్పలేదు. ముందు పోస్టులో చెప్పాలి కదా అనుకున్నాను.

పోస్టులో ఇన్‌స్పెక్టర్ కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. గొంతు పెంచని మనిషి. జరిగింది చెప్పాను. రాసుకోలేదు. విని, గార్డు ఏ తువ్వాళ్లూ విప్పలేదంటున్నాడే అన్నాడు. లైను మొత్తం చూసిందన్నాను. అయితే లైనుని పిలుచుకు రండి అన్నాడు.

తమ్ముణ్ణి ఐదు నిమిషాలు చూడనిచ్చారు. గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. పక్కన బల్ల ఉంది, దాని మీద కూర్చోడు. నేను చూడలేదేమో అన్నయ్యా, ఉండి ఉంటుంది, నిద్రమత్తులో చూసి ఉండను అంటాడు. అదే మళ్లీ మళ్లీ. గార్డు విప్పాడురా, నా కళ్లతో చూశాను అని చెప్పాను. అప్పుడు తల ఎత్తాడు. నిన్నటి నుంచి అదే మొదటిసారి అనుకుంటాను. ఈ మాట వీళ్లకి చెప్పావా అన్నాడు. చెప్పానన్నాను. అయితే నాకేం ఫర్వాలేదు అన్నాడు.

బయటికొచ్చి సిమెంటాయన దగ్గరికి వెళ్లాను. టైరుకి సుత్తితో కొట్టి గాలి చూసుకుంటున్నాడు. చెప్పిందంతా తలొంచుకుని విన్నాడు. నువ్వే కదా కేకేసింది అన్నాను. కేకేశాను, కాదనను అన్నాడు. మళ్లీ టైరు కొట్టాడు. నెలలో నాలుగుసార్లు ఈ గేటు దాటాలి నేను, ఆ గార్డు చెయ్యెత్తితేనే నా ఇంట్లో పొయ్యి వెలిగేది, ఇంకెవరినైనా అడుగు తమ్ముడూ అన్నాడు. ఇంకెవరినైనా అడిగాను. ఒకాయన ఆ టైములో నిద్రపోయానన్నాడు. నిద్రపోతూ ఉంటే నీ తువ్వాలు ఎవరు విప్పారు అన్నాను. గాలికి పోయిందేమో అన్నాడు.

సాయంత్రానికి గోనెసంచి లైను మొదట్లో ప్రత్యక్షమైంది. ఎవరి తువ్వాలు వాళ్లు ఏరుకున్నారు. ఎర్రంచుది అందులో లేదు.

మే 16, గురువారం

మా లారీని లైను తప్పించి గేటు పక్క మైదానంలో పెట్టించారు. ద్రాక్షకి చెమట పట్టింది. టార్పాలిన్ వెనక భాగం ఎత్తికట్టాను. తేనెటీగలు చేరాయి. అట్టపెట్టెలు అడుగునించి మెత్తబడుతున్నాయి. పుల్లటి వాసన క్యాబిన్‌లోకి కూడా వస్తోంది. ఓనర్ ఫోన్ చేసి, చచ్చినాయనకి నేనూ దణ్ణం పెడతాను, కానీ ద్రాక్షకి ఆ మర్యాదలు తెలియవు కదా బాబూ అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ మళ్లీ పిలిచాడు. వాంగ్మూలం టైప్ చేయించి ఉంచాడు. నేను చెప్పింది కాదు. అందులో హెడ్మాస్టర్ అద్దానికి ఏ గుర్తూ కట్టకుండా లారీ కింద పడుకున్నాడు. నా తమ్ముడు అద్దం చూసి, పిలిచి, జవాబు రాక, మామూలు ప్రకారం లారీ జరిపాడు. ప్రమాదం. ఎవరి మీదా కేసు లేదు.

నేను చదివి కింద పెట్టాను. ఇన్‌స్పెక్టర్ అన్నాడు, మీ తమ్ముడిది తప్పని నేను అనడం లేదు, మా గార్డుదీ కాదంటున్నాను, ఇంక మిగిలినాయన చూస్తే కోర్టుకి వచ్చేవాడు కాదు. సంతకం పెడితే రేపు సాయంత్రం తమ్ముణ్ణి వదిలేస్తాం, ఎల్లుండి పొద్దున గేటు తెరవగానే మొదటి లారీ మీదే. పెట్టకపోతే ఎంక్వయిరీ వేయాలి, అప్పటిదాకా మీవాడు ఇక్కడే. ఎంక్వయిరీ ఎన్నాళ్లు అని అడిగాను. కిందటిది ఇంకా నడుస్తోంది అన్నాడు. అది ఏ ఏడు మొదలైందో చెప్పలేదు.

ఆలోచించుకుంటానన్నాను.

మరదలు, తమ్ముడి భార్య, ఫోన్ చేసింది. అంతా చెప్పాను, వాంగ్మూలం సంగతి కూడా. అడ్డు రాకుండా విన్నది. తరవాత అంది, చచ్చిపోయినాయన్ని ఎవరూ జైల్లో పెట్టరు బావగారూ, ఈయన్ని పెడతారు. ఆయన మంచివాడు కాబట్టే ఏమీ అనుకోడు, పెట్టేయండి. ఆలోచిస్తున్నానమ్మా అన్నాను. మీ తమ్ముడు కాబట్టి ఆలోచిస్తున్నారు, అదే మీ కొడుకైతే ఈపాటికి పెట్టేసి ఇంటికొచ్చేవారు అంది. ఆ మాట అన్నందుకు వెంటనే ఏడ్చింది.

మే 17, శుక్రవారం, ఉదయం

సంతకం పెట్టాను.

మే 17, సాయంత్రం

తమ్ముణ్ణి నాలుగింటికి వదిలారు. గడ్డం మాసి ఉంది, అంతే, ఎక్కడా దెబ్బలు లేవు. కుళాయి దగ్గర చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు. నేను బ్రెడ్డూ అరటిపళ్లూ తెచ్చాను. తిన్నాడు. మా లారీ అప్పటికే గేటు ముందు మొదటి స్థానంలో ఉంది. గార్డు తనే చెయ్యి ఊపుతూ పెట్టించాడు. రండి రండి, పెళ్లికొడుకులా ముందు నిలబెట్టాను అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. అలవాటు అనుకుంటాను.

లైనులో ఎవరూ మా వైపు రాలేదు. తమ్ముడు ఒకాయన్ని పలకరించాడు. ఆయన బాల్చీ తీసుకుని అవతలికి వెళ్లిపోయాడు. టీ స్టాలు బెంచీ మీద తమ్ముడు కూర్చోగానే ఇద్దరు లేచారు. వీళ్లకేమైంది అన్నాడు. అలసిపోయి ఉన్నారన్నాను. అప్పటికి నాకూ అర్థం కాలేదు.

ఆరు అవుతుండగా పిన్ని ఫోన్. తమ్ముడు పక్కనే ఉన్నాడు. ఆమె గొంతు బయటికి వినబడుతోంది. ఎవరో పోస్టు నుంచి చేసి చెప్పారట, మీ ఆయన తువ్వాలు కట్టకుండా పడుకున్నాడు, లారీ నడిపినవాడి అన్న కూడా అదే రాసిచ్చాడు అని. నువ్వు రాసిచ్చావా అంది. ఆఁ అన్నాను.

పిన్ని మెల్లగానే మాట్లాడింది. మీ బాబాయి కట్టకుండా పడుకోడురా. ఇంట్లో మధ్యాహ్నం కునుకు తీస్తే కూడా తువ్వాలు తలుపు గొళ్లానికి వేసేవాడు, నేను నవ్వేదాన్ని. ఆయన కట్టే ఉంటాడు. కట్టిన తువ్వాలు చూసి కూడా మీవాడు ఎందుకు నడిపాడు? ఏం గొడవ వచ్చింది వాళ్లిద్దరికీ? గేర్లు నేర్పినాయనే కదరా. ఏదైనా ఉంటే చెప్పు, నేనేం కేసు పెట్టను, నాకు తెలియాలంతే అంది.

అప్పుడు అర్థమైంది బెంచీ మీంచి ఎందుకు లేచారో. గార్డు తువ్వాళ్లు విప్పింది మా చుట్టుపక్కల పదిహేను లారీలవాళ్లు చూశారు. లైను చివరిదాకా ఉన్నవాళ్లు చూడలేదు. వాళ్లకి తెలిసింది పోస్టువాళ్లు చెప్పిన కాగితంలో మాటే. హెడ్మాస్టర్ తువ్వాలు కట్టకుండా పడుకున్నాడంటే డ్రైవర్ అన్నవాడెవడూ నమ్మడు. నమ్మకపోతే మిగిలేది ఒక్కటే. తువ్వాలు ఉండగానే నా తమ్ముడు లారీ నడిపాడు. తరవాత దాన్ని మాయం చేశాడు. అన్న సంతకం పెట్టి వాణ్ణి బయటికి తెచ్చుకున్నాడు.

నేను వాణ్ణి కోర్టు నుంచి తప్పించాననుకున్నాను. తప్పించి ఇందులో పడేశాను.

పిన్నికి నిజం చెప్పాను. గార్డు, గోనెసంచి, కుళాయి, క్యాన్లు, అన్నీ. ఆమె విని, మరి కాగితంలో ఇంకోలా ఎందుకుంది అంది. రెండు మాటలూ నీవే, ఏది పట్టుకోమంటావురా అని ఫోన్ పెట్టేసింది.

తమ్ముడు అరటితొక్కలు ఏరి కవర్లో వేశాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి పోస్టు వైపు నడిచాడు. వెనకే వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ లేడు. వాంగ్మూలాలు రాసే రైటర్ ఉన్నాడు. తమ్ముడు బల్ల ముందు నిలబడి, మా అన్న రాసింది తప్పు, నేను చెప్పేది రాసుకోండి అన్నాడు. రైటర్ కళ్లద్దాలు తీసి వాడి మొహం చూశాడు. బాబూ, నువ్వు పొద్దున దేశం దాటేవాడివి, తెలుసా అన్నాడు. తెలుసన్నాడు. మార్చి చెప్తే మళ్లీ లోపలే, మీ అన్న మీద తప్పుడు వాంగ్మూలం కేసు కూడా పడుతుంది, ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవచ్చు అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. వద్దంటానేమోనని చూశాడు. నాకు వద్దనాలనే ఉంది. మరదలు గుర్తొచ్చింది. ఆమెకి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వద్దనలేదు నేను.

సార్ రేపు తొమ్మిదింటికి వస్తారు, అప్పటికీ ఇదే మాట మీద ఉంటే రండి, ఈలోపు గేటు తెరుచుకుంటుంది కాబట్టి ఉండరనే నేను అనుకుంటున్నాను అన్నాడు రైటర్. మంచిమనిషే. నిజంగానే మా మేలు కోరి అన్నాడు.

తమ్ముడు ఈ రాత్రి క్యాబిన్‌లో పడుకుంటానన్నాడు. కింద పడుకోనన్నాడు.

మే 18, శనివారం, ఉదయం ఆరు

మా లారీని మొదటి స్థానంలోంచి తీసి మైదానంలో పెట్టాను. వెనకవాళ్లెవరూ హారన్ కొట్టలేదు. ఓనర్‌కి మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేశాను.

సిమెంటాయన మూడు టీలు తెచ్చాడు. మాకు రెండిచ్చి తనది మా దగ్గరే నిలబడి తాగాడు. గ్లాసులు తీసుకుని వెళ్లాడు.

ఎనిమిదికి గేటు తెరుస్తారు. ముందు ఆసుపత్రి వ్యాను దాటుతుంది, అందులో హెడ్మాస్టర్. పిన్ని అవతల ఏడింటి నుంచే నిలబడుతుందని కంపెనీవాళ్లు చెప్పారు.

తొమ్మిదికి మమ్మల్ని పిలుస్తారు.