మూలుగ నానమ్మ అనని మాట

మార్చి 4, ఉదయం

నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఇంట్లో నానమ్మను, ఫోన్లలో మూలుగ నానమ్మను. ఎనభై దాటాయి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో నేనూ మనవడూ ఇద్దరమే. నాకు చదువు రాదు. ఇంజెక్షన్ చేయడానికి వచ్చే నర్సమ్మ రాస్తోంది. వాడు పక్క గదిలో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని వీడియోలు కత్తిరించుకుంటున్నాడు. ఇది ఎవరికివ్వాలో తర్వాత చూద్దాం. నర్సమ్మా, అన్నది అన్నట్టే రాయి, మెరుగులు దిద్దకు.

నా ఫిర్యాదు ఇది. మనవడిది డైట్ల చానల్, అందులో ఎముక కొరికి మూలుగ పీల్చేది నేను. మొదట కీటో అన్నాడు. మూలుగంతా కొవ్వే నానమ్మా, ఇంకేం కావాలి, అన్నం మాత్రం ముట్టకు అన్నాడు. తర్వాత పేలియో. ఆదిమానవులు ఎముకలు పగలగొట్టుకు తినేవాళ్లట. నా చేతికి రాయి ఇచ్చి కొట్టమన్నాడు. వాళ్లలో నా వయసు దాకా బతికినవాడున్నాడా అని అడిగాను. అది కత్తిరించేశాడు. ఆ తర్వాత ఉపవాసాల డైట్. ఎముకల నీళ్లు తాగితే ఉపవాసం చెడుతుందా చెడదా అని చానల్ కింద జనం కొట్టుకు చచ్చారు. నేను ఆకలితో చచ్చాను. డైట్లు మారాయి. నా కంచంలో ఎముక మారలేదు.

కింద బేకరీలో బన్ను తింటుంటే ఎవరో నా ఫొటో తీసి చానల్ కింద పెట్టారు. ఆ సాయంత్రమే గుమ్మం గ్రిల్‌కి నంబర్ల తాళం వచ్చింది. పడిపోతావు నానమ్మా, నీ మంచికే అంటాడు. నర్సమ్మ ఫోన్ కూడా గుమ్మం దగ్గరే తీసుకుంటాడు.

మార్చి 6

అన్నం అడిగాను. ఎముక పెట్టాడు.

మార్చి 8

నర్సమ్మ ఒక కబురు తెచ్చింది. కింద ఇస్త్రీ చేసే అమ్మాయి గుండె మాత్రలు మానేసిందట. యాభై ఏళ్లదైనా నాకు అమ్మాయే. పెట్టె ఎత్తలేక ఆయాసపడుతోందట. మూలుగ తింటే మందులెందుకని పెద్దమ్మే అంది కదా, ఆవిడ నిక్షేపంలా లేదూ అందట.

నేనెప్పుడన్నాను? నమిలింది నేను. మందులెందుకు అంటుంది మా నానమ్మ, అని కెమెరా వెనకనుంచి చెప్పుకున్నది వాడు.

నర్సమ్మ నచ్చజెప్పి చూసింది. నువ్వు చెబితే కాదు, పెద్దమ్మ నోటితో అంటే వింటాను అందట.

తాళం తీయరా అన్నాను. ఆదివారం లైవ్ అయ్యాక చూద్దాం అన్నాడు. బాల్కనీలోంచి అరిచాను. బస్సుల మోతలో నా గొంతు రెయిలింగ్ కూడా దాటలేదు.

మార్చి 10

లైవ్ అంటే ఏమిటని నర్సమ్మను అడిగాను. కత్తిరించడం కుదరదట.

సరే.

మార్చి 12

నిన్న లైవ్. వాడు ఎముక అందించాడు. పక్కన పెట్టాను. ఇస్త్రీ అమ్మాయ్, మాత్ర వేసుకోవే, మానమని నేనెప్పుడూ అనలేదు, నేను బతుకుతున్నదే ఇంజెక్షన్ల మీద అని చెయ్యి చాచి సూది మచ్చలు చూపించాను. వాడు కెమెరాకి అడ్డం పడేలోపే, అన్నం పెట్టరా వెధవా అని కూడా అన్నాను.

తిడతాడనుకున్నాను. పొద్దున్నే వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. అదరగొట్టావు నానమ్మా, ఇంతమంది ఎప్పుడూ చూడలేదు, ఇక నువ్వు నిజాల నానమ్మవి, వారానికో డైట్‌ని తిట్టు అన్నాడు. తాళం అడిగితే, ఇప్పుడెలా నానమ్మా, ఇప్పుడు నువ్వింకా ముఖ్యం అన్నాడు.

మధ్యాహ్నం పచ్చి ఆకులు పెట్టాడు.

మార్చి 14

ఇస్త్రీ అమ్మాయి అంతస్తుకోసారి కూర్చుంటూ పైకొచ్చింది. గ్రిల్ అవతల నిలబడి మాత్ర మింగి, నాలుక చాపి చూపించింది. కొంగుచాటు నుంచి అన్నం గిన్నె తీసింది. అది ఊచల మధ్య పట్టలేదు. ముద్దలు చేసి అందించింది.

పైదంతా నా మాటే. ఊచల ఇవతల నా వేలిముద్ర.

సాక్షులు: రాసిన నర్సమ్మ, సంతకం. అవతల ఇస్త్రీ అమ్మాయి, మెతుకులంటిన వేలితోనే ముద్ర.