మిరుగం దాకా

1973 మే 20

నేను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవులు. ఇంట్లో ఉడికిపోతున్నాం, బయటికి వెళ్తే మాడిపోతున్నాం. కోకాపేట చెరువులో నీళ్లు నడుముదాకా కూడా లేవు. నిరుడు వాగు రాలేదు. ఉన్న కాసిని నీళ్లలోనే చేపలన్నీ ఇరుక్కున్నాయి. మా వాడలో అందరికీ ఏడాది తిండి అవే. చేపల సొసైటీకి పెద్ద మా నాయన పెంటయ్య. ఆయన ఊ అనకుండా ఎవరూ వల వెయ్యరు.

మే 24, పొద్దున

చేపలు ఊపిరాడక పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాకు భయమేసింది. చిన్నాయన వీరేశం కూడా చూశాడు. ఇప్పుడే పట్టేద్దామని నాయనను బతిమాలాడు. నాయన వినలేదు. గీ ఎండకు సైకిల్ మీద సిటీకి పోయేలోపే కుళ్లుతయి, మిరుగం నాడైతే జనమే కట్ట మీదికొస్తరు అన్నాడు. నిజమే, మృగశిర మొదలైన రోజున చేప వండని ఇల్లు మా వైపు ఉండదు. ఈలోపు వానొస్తే కొత్తనీళ్లకు చేప ఎదురెక్కుతుందట, వాగు మూతి దగ్గర వల కడితే చాలట. దేనికైనా జవాబు ఉంటుంది ఆయన దగ్గర.

మే 29

నీళ్లలో గాలి చాలక చేపలు చస్తాయి, ఇప్పుడే పట్టెయ్యమని నేను కూడా నాయనకు చెప్పాను. ఆ సైన్సు నీ బడి పిల్లలకు చెప్పుకో పో అన్నాడు. మా ఇళ్లలో ఆడవాళ్లు వల ముట్టకూడదు. ఇక నా చేతుల్లో ఏముంది? ఆయనతో మాట్లాడను.

జూన్ 3

మబ్బు పట్టింది. ఊరంతా ఒకటే సంబరం. నాయన వలకు తాళ్లు కడుతూ, ఇగ ఫికర్ లేదు బిడ్డా అన్నాడు. కోపం పోయింది. వాన రావాలని నేను కూడా మొక్కాను.

జూన్ 5, సాయంత్రం

వాన. వాగు ఎర్రగా వచ్చింది.

జూన్ 6

కట్ట పొడుగునా తెల్లటి పొట్టలు. ఒక్క చేప కూడా ఎదురెక్కలేదు. వాగు నీళ్లు అడుగు బురదనంతా లేపాయి. ఎండకు అప్పటికే సగం చచ్చినవాటికి ఊపిరాడలేదు. వీరేశం చిన్నాయన వల మడిచి భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. తిట్టినా బాగుండేది. మిగతావాళ్లు ఏంజేద్దాం పెంటన్నా అని అడిగి, కట్ట మీదే కూర్చుండిపోయారు. నాయన నీళ్లలో దిగి, ఏదన్నా కదులుతుందేమోనని ఒక్కొక్కదాన్నీ తిప్పి చూస్తున్నాడు. పిలిచాను. రాలేదు. ఏం చెయ్యాలో తోచక నేనూ దిగాను.

జూన్ 7

గుంటలు తవ్వి పూడ్చాం. కంపు పోలేదు.

జూన్ 8

మిరుగం. సంచులు పట్టుకుని జనం వస్తూనే ఉన్నారు. నాయన కట్ట మీద నిలబడి, అన్నీ అమ్ముడువోయినయి, జర ముందు రావాల్సుండె అని నవ్వుతూ చెబుతున్నాడు. వాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, సరేనని తలూపి తిరిగి వెళ్తున్నారు.