తుప్పు కొట్టే వేళ

హనుమప్పన్నా, సలాం.

ఓడ దిగాక కంపెనీ నన్ను దోహాలోని ఐన్ ఖాలిద్‌లో విల్లాల కాపలాకు వేసింది. ఇక్కడా రాత్రి డ్యూటీనే. పొద్దున క్యాంపుకొచ్చి పడుకుంటే, పక్కన కడుతున్న బిల్డింగులో సుత్తి దెబ్బలకు కన్ను మూతపడదు.

ఓడలో రాత్రంతా సముద్రపు దొంగల కోసం కాపలా కాసే మా గార్డుల కేబిన్‌కు సరిగ్గా పైనే మీ డెక్కు. అయినా మధ్యాహ్నం దాకా సుత్తితో తుప్పు కొట్టే చప్పుడు ఒక్కనాడూ వినలేదు. పొద్దున చల్లగా ఉన్నంతసేపూ పెయింటు డబ్బాలతో తిరుగుతారని, "ఈ ఖలాసీలకు పనెక్కడుంది" అంటూ మెస్‌లో మీకు వినపడేలా నవ్వుకునేవాళ్లం. మీరు తలొంచుకుని తినేవాళ్లు.

మా నిద్ర చెడకూడదనే, మేం లేచేదాకా ఆగి, మధ్యాహ్నం ఎండకు కాలిపోయే ఇనుము మీద కూర్చుని మీరు తుప్పు కొట్టేవాళ్లని నిన్నగానీ నాకు తట్టలేదు. ఒక్కమాటైనా అనలేదేం అన్నా?

ఓడ దోహాకొస్తే నా దగ్గరికి రా. పొద్దున్నే రా. పడుకుని ఉన్నా లేపు.