తడిసిన ఉన్ని బంతి

1955 మే, శనివారం రాత్రి. కర్నూలు సత్రం.

కడపలో మా బాల్ బ్యాడ్మింటన్ కోర్టుకు తడి అంటే తెలియదు. ఇక్కడి పోటీల్లో దుమ్ము లేవకుండా ఆటకు ముందు బిందెలతో నీళ్లు చల్లారు. ఉన్ని బంతి నేల మీద దొర్లిన ప్రతిసారీ తడి పీల్చి బరువెక్కింది. నేను కొట్టినవన్నీ నెట్టులోనే పడ్డాయి. మొదటి ఆట పోగానే బ్యాటు నేలకేసి కొట్టాను. తీగ తెగింది. అంతమందిలో సిగ్గు లేకుండా...

మా కెప్టెన్ ఓబులేసు తిట్టలేదు. బంతి నా చేతిలో పెట్టాడు.

"పిండి చూడప్పా, ఎంత తడి ఉండాదో. దీనిమీద అలిగితే నెట్టు దాటుతాదా? నువ్వింకా కడపలోనే ఆడతాండావు."

రెండో ఆటలో అరువు బ్యాటుతో ఇంకా పైకి, ఇంకా బలంగా కొట్టాను. కొన్ని దాటాయి. అయినా ఓడిపోయాం. రేపు కూడా ఓడితే ఇంటికే.

ఓడిపోకూడదు. మా పాత బంతిని చెంబు నీళ్లలో నానేశాను. తెల్లవారుజామునే సత్రం గోడకు కొట్టి ఆ బరువుకు చేయి అలవాటు చేసుకుంటాను.

ఓబులేసు నిద్రపోయాడనుకున్నాను. దుప్పటిలోంచి గొంతు వినిపించింది.

"నాక్కూడా ఒకటి నానేయప్పా."