నాకు దక్కని తిట్లు

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. సంవత్సరీకం అయ్యాక సాయంత్రం పుంగనూరులో మన టైలరింగ్ షాపు తెరిచి, నీ కుట్టుమిషను మీదున్న రేడియో పెట్టాను. కోరిన పాటల కార్యక్రమానికి ఫోన్ చేసి, నీ పేరు మీద నీకిష్టమైన జోలపాట అడిగాను.

ఆ కార్యక్రమం నడిపే కుప్పం అమ్మాయి నీ పేరు వినగానే గుర్తుపట్టింది.

"అన్న నాకు దినామూ ఫోన్ చేస్తా ఉండె అక్కా. జోలపాట ఎనకాలే డప్పుల పాట యాల పెడతావమ్మా, పండుకున్న బిడ్డ లేసి ఏడ్సదా అని తిడతా ఉండె" అంది.

నాకు ఒళ్లు మండింది. రోజూ టీకని బయటికి వెళ్లేది ఇందుకా? నేను కాలరు వంకరగా కుట్టినా నువ్వు ఒక్క మాట అనేవాడివి కాదు. మౌనంగా విప్పి మళ్లీ కుట్టేవాడివి. కూరలో ఉప్పెక్కువైతే మజ్జిగ కలుపుకుని తినేసేవాడివి. పాటల వరస తప్పిందని పరాయి పిల్లతో మాత్రం రోజూ పోట్లాట.

జోలపాట వేసింది. అది పూర్తిగా ముగియకముందే పెళ్లి బ్యాండు పాట తగిలించింది. నేను ఊరుకోలేక మళ్లీ ఫోన్ చేశాను.

"పాట అయినాక రవ్వంతసేపు ఆగకూడదా అమ్మా? అంత తొందర యాల?"

"అచ్చం అన్న మాదిరే తిడతాండావక్కా" అంది ఆ అమ్మాయి. గొంతులో సంతోషం.

అయి ఉండొచ్చు. నువ్వెలా తిడతావో ఆ పిల్లకి తెలుసు. నాకు తెలియదు.